ముప్పై ఏళ్ల ప్రజ్వలకు మా పేటల అభినందన

అక్రమ రవాణా నుంచి ఆడపిల్లల్ని కాపాడుతూ ముప్పై ఏళ్లకు చేరిన ప్రజ్వల సంస్థకు హైదరాబాద్‌లోని అమీర్‌పేట, పంజాగుట్ట మిత్రులందరి తరఫున హృదయపూర్వక శుభాకాంక్షలు! కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం చుట్టుపక్కల తిరిగే మాకు చేతిలో ఒక విద్య ఉంటే బతుకు ఎలా మారుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. బ్యాగు భుజాన వేసుకుని జిల్లాల నుంచి దిగిన పిల్లలు ఇక్కడి హాస్టళ్లలో సర్దుకుని, కోర్సు ముగించి, ఉద్యోగాలకు వెళ్లడం రోజూ చూస్తున్నదే. అయితే పట్నంలో పని ఇప్పిస్తామన్న మాటనే ఎరగా వేసి ఆడపిల్లల్ని అమ్మేసే బ్రోకర్లూ ఉన్నారు. అందుకే ప్రజ్వల చేసిన పని విలువ మాకు ఒకింత ఎక్కువే తెలుసు.

1996లో పాతబస్తీలోని మెహబూబ్ కీ మెహందీ అనే వేశ్యావాటికను ఖాళీ చేయించారు. అక్కడి తల్లులూ పిల్లలూ ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించినవారు ఇద్దరు: సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్. ఖాళీ అయిన వేశ్యాగృహంలోనే బడి పెట్టారు, ప్రజ్వల అలా మొదలైంది. తల్లి పడ్డ నరకం బిడ్డకు వారసత్వంగా రాకూడదన్నదే వారి పట్టుదల. తొలినాళ్లలో బడి నడవడానికి సునీత నగలతో పాటు ఇంట్లో సామాన్లూ అమ్ముకున్నారు.

బ్రదర్ జోస్ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయన సెయింట్ గాబ్రియేల్ మోంట్‌ఫోర్ట్ సభకు చెందిన సన్యాసి. పేద కుర్రాళ్లకు చేతిపనులు నేర్పే బాయ్స్ టౌన్‌కు డైరెక్టరుగా పనిచేశారు. ప్రజ్వల మతసంస్థ కాదు, గడప తొక్కినవాళ్లను మీది ఏ మతమని అడగదు. అయినా దాని పునాదిలో ఒక సన్యాసి విశ్వాసం ఉంది. ఆ విశ్వాసం ఉపన్యాసాలతో సరిపెట్టుకోలేదు, అమ్మాయిల చేతికి వెల్డింగ్ రాడ్డు అందించింది. చెర నుంచి బయటపడిన అమ్మాయిలంటే కుట్టుమిషనే గుర్తొచ్చే మన లోకానికి, ముఖానికి షీల్డు అడ్డం పెట్టుకుని ఇనుమును అతికే అమ్మాయిని, కాగితాల దస్తాలు మడిచి బైండింగ్ చేసే అమ్మాయిని, రంపం పట్టి వడ్రంగం చేసే అమ్మాయిని చూపించింది. మా దృష్టిలో ప్రజ్వల సాధించిన అసలు విజయం ఇదే. బ్రదర్ జోస్ ఈనాడు మన మధ్య లేరు. ఆ పుణ్యమూర్తికి మా నమస్సులు.

ఈ దారిలో సునీతకు అడుగడుగునా దాడులే. ఒక దాడిలో ఆమె ఒక చెవి వినికిడి దెబ్బతింది. అయినా నడక ఆగలేదు. అక్రమ రవాణా బాధితుల కోసం 2004లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2009లో మైసూరులో జరిగిన టెడ్ ఇండియా వేదికపై, తనపై జరిగిన అత్యాచారాన్ని కూడా దాచకుండా ప్రపంచానికి చెప్పారు. ఆమె నిర్మాతగా, భర్త రాజేష్ టచ్‌రివర్ దర్శకుడిగా తీసిన ‘నా బంగారు తల్లి’ 2013కు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం గెలుచుకుంది. 2015లో వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచార వీడియోలను జతచేసి భారత ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాస్తే, సుప్రీంకోర్టు దాన్ని సుమోటోగా స్వీకరించింది. అలాంటి వీడియోలపై పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేసేందుకు కేంద్రం 2018లో పోర్టల్ తెరిచింది. ఈలోగా 2016లో సునీతను పద్మశ్రీ వరించింది. అవార్డు ఆమెదే అయినా గర్వం ఊరందరిదీ!

అభినందించి ఊరుకోవడం మర్యాద కాదు. మా హాస్టళ్లు, షోరూములు, ఆఫీసులు ప్రజ్వలలో పని నేర్చుకున్న అమ్మాయిల్ని పాత సంగతులు అడక్కుండా పనిలో పెట్టుకోవాలి. సిగ్నళ్ల దగ్గర చేయి చాచే పిల్లలు కనిపిస్తే చిల్లర వేసి తప్పుకోకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. ప్రజ్వల నిండు నూరేళ్లు వర్ధిల్లాలి, వర్ధిల్లుతుంది కూడా. నలభయ్యో పుట్టినరోజు పందిరి మా పేటలోనే వేద్దాం. దానికి ఇనుప స్తంభాలు అతికే పని మాత్రం ఆ అమ్మాయిలకే, పూర్తి కూలీకి, ఇప్పుడే ఖాయం చేస్తున్నాం.