జోడేఘాట్ నీళ్లు, అడవి, కుమ్రం భీం



ఏటా ఆశ్వయుజ పౌర్ణమి వస్తుందంటే మన కాళ్లు జోడేఘాట్ వైపు లాగుతాయి. సెలవు దొరికినవాళ్లు బస్సెక్కి ఆసిఫాబాద్ దాకా వెళ్లి, కెరమెరి వైపు గుట్ట ఎక్కుతారు. మాదన్నపేట గల్లీల్లో కిరాయి గదుల్లో ఉండి చదువుకుంటున్నవాళ్లు, కొలువులు చేసుకుంటున్నవాళ్లు అందరూ వెళ్లలేరు. అలాంటి మన పిల్లల కోసమే ఈ సంచికలో కుమ్రం భీం జీవితాన్ని మళ్లీ చెప్పుకుంటున్నాం. భీం పోరాటయోధుడని మీకు తెలుసు. అడవిని, వాగుని, సేద్యాన్ని ఒకటిగా చూసిన మనిషి కూడా ఆయనే. ఈసారి ఆ సంగతిని కొంచెం ఎక్కువగా చెప్పుకుందాం.

పుట్టుక, బాల్యం

భీం 1901 ప్రాంతంలో ఆసిఫాబాద్ దగ్గర సంకెపల్లి గూడెంలో గోండు కుటుంబంలో పుట్టాడు. తండ్రి చిన్నూ, తల్లి సోంబాయి. బడి లేదు. చెట్టు, గుట్ట, పశువు, పండుగ ఇవే ఆయన చదువు. ఏ చెట్టు ఎప్పుడు కొట్టవచ్చు, ఏది కొట్టరాదు, ఊట ఎక్కడుంటుంది, ఏ వాలులో జొన్న పండుతుంది అనేవి పెద్దలు చెప్పగా నేర్చుకున్నాడు. పెన్ ఉన్న చోట గొడ్డలి పెట్టరాదన్నది మనవాళ్లకు ఏ సర్కారూ రాసివ్వని చట్టం.

ఆ రోజుల్లోనే నిజాం సర్కారు అడవికి గీతలు గీసింది. రిజర్వు అడవి అంటూ రాళ్లు పాతారు. తరాలుగా దున్నుకున్న చేను ఒక్క రోజులో గీత లోపల పడిపోయింది. పశువు మేస్తే బంబ్రాం, కట్టె తెస్తే దూపపెట్టి అని సుంకాలు వేశారు. పోడు కొడితే జరిమానా, కట్టలేకపోతే దెబ్బలు. ఇంకోవైపు బయటి నుంచి వచ్చినవాళ్లు పట్టాలు చేయించుకుని మంచి భూములు పట్టారు. కాగితం లేని గోండు, కోలామ్ తన ఊళ్లోనే పరాయివాడయ్యాడు. అడవి అధికారుల ఒత్తిడితో నలిగిన ఆ కాలంలోనే భీం తండ్రిని పోగొట్టుకున్నాడు.

పారిపోయి నేర్చుకున్న చదువు

కుటుంబం సుర్దాపూర్‌కు వలస వచ్చి అక్కడ అడవి నరికి చేను చేసుకుంది. పంట చేతికొచ్చే వేళకు సిద్దిఖీ అనే ఆసామి ఆ భూమి తనదన్నాడు. జరిగిన కొట్లాటలో అతను చనిపోయాడు. భీం ఊరు విడిచాడు.

బల్లార్షా, చంద్రపూర్ వైపు వెళ్లి విఠోబా అనే ఆయన దగ్గర అచ్చు పనిలో చేరాడు. చదవడం, రాయడం అక్కడే వంటబట్టింది. ఆ తర్వాత అస్సాం వెళ్లి తేయాకు తోటల్లో కూలీగా నాలుగేళ్లకు పైగా గడిపాడు. తోటల్లో కూలీల బాధ చూశాడు, వాళ్లు ఎదురుతిరగడమూ చూశాడు. తమ గూడెం గోస తమ ఒక్కరిదే కాదని అక్కడ తెలిసింది. ఊరొదిలిన ప్రతి ఆదివాసీ యువకుడూ గుర్తుంచుకోవాల్సిన భాగం ఇది. భీం బయటికి వెళ్లి ఊరిని మరిచిపోలేదు. అక్కడ నేర్చుకున్నదాన్ని మూట కట్టుకుని తిరిగొచ్చాడు.

పన్నెండు గూడేలు

తిరిగొచ్చాక కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ దగ్గర ఉన్నాడు. చదువొచ్చిన మనిషి కాబట్టి పటేల్ భూమి తగాదా కాగితాలు చూసిపెట్టాడు. సోంబాయిని పెళ్లి చేసుకున్నాడు. తర్వాత తనవాళ్లతో కలిసి బాబేఝరి వైపు కదిలాడు. జోడేఘాట్, పట్నాపూర్, బాబేఝరి మొదలైన పన్నెండు గూడేలు అడవిలో లేచాయి. చేలు పచ్చబడ్డాయి. అడవి అధికారులు మళ్లీ వచ్చారు, ఇళ్లు తగలబెట్టారు, పంట తొక్కించారు.

భీం మొదట పట్టింది తుపాకీ కాదు, అర్జీ. పన్నెండు గూడేల భూమి మీద, అడవి మీద, నీళ్ల మీద మావాళ్లకే హక్కు ఉండాలని అడిగాడు. నిజాం ప్రభువును కలిసి గోడు చెప్పుకోవడానికి హైదరాబాద్ దాకా వచ్చాడని, దర్శనం దొరక్క తిరిగిపోయాడని మన పెద్దలు చెబుతారు. మనం ఇవాళ ఉంటున్న ఈ నగరం ఆనాడు ఆయన మాట వినలేదు. ఆ తర్వాతే జోడేఘాట్ గుట్టలు కోటగా మారాయి. కుమ్రం సూరు, వెడ్మ రాము వంటివాళ్లు వెంట నిలిచారు. జల్, జంగల్, జమీన్ అన్న మూడు మాటలు అక్కడి నుంచే దేశమంతా పాకాయి.

1940లో నిజాం పోలీసు బలగాలు గుట్టను చుట్టుముట్టాయి. దారి చూపింది మనవాడే అయిన కుర్దు పటేల్. వెన్నెల రాత్రి జరిగిన కాల్పుల్లో భీం, ఆయన అనుచరులు కొందరు నేలకొరిగారు.

ఆయన పోయాక

భీం చావు వృథా పోలేదు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన పని నిజాం సర్కారుకు పడింది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో కాపురం పెట్టి మనవాళ్ల మధ్య బతికాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. 1940ల్లో వేలాది ఆదివాసీ కుటుంబాలకు పట్టాలు అందాయి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి పోకుండా ఆపే 1959 నిబంధన 1963లో తెలంగాణకు వచ్చింది. దాన్ని బిగించినదే మనం 1/70 అని పిలుచుకునే సవరణ.

నగరానికి, గుట్టకు ఉన్న బంధం

ఇక్కడ నగరంలో ఉన్న మన పిల్లలు ఒక సంగతి ఆలోచించాలి. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఈ నగరాన్ని ముంచింది. ఆ తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. మూసీ పుట్టేది వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవుల్లో. ఆ జంట చెరువుల పైభాగాన్ని కాపాడటానికి 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దు పెట్టారు. 2022లో వచ్చిన 69 జీవో ఆ ఆంక్షలను సడలించింది. ఒక కాగితం ఇచ్చిన రక్షణను ఇంకో కాగితం తీసేయగలదు.

2015 నుంచి హైదరాబాద్‌కు ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లూ వస్తున్నాయి. ఎల్లంపల్లికి ఎగువన గోదావరిలో కలిసేది మన కడెం. కుంటాల జలపాతం దూకేది ఆ కడెం మీదే. ఉట్నూరు, బోథ్ వైపు అడవులు వానను పట్టి నిలిపి, వాగుల్లోకి మెల్లగా వదిలితేనే కడెం పారుతుంది. కెరమెరి గుట్టల నీళ్లు పెద్దవాగు వెంట ప్రాణహితకు పోతాయి. భీం పేరు పెట్టుకున్న ప్రాజెక్టు ఆ పెద్దవాగు మీదే ఉంది. ఆనాడు భీం మాట వినని నగరం ఈనాడు మన గుట్టల నీళ్లు కూడా తాగుతోంది. అడవి బోడి అయితే వాన మట్టిని కోసుకుపోతుంది, జలాశయం పూడుతుంది, ఎండాకాలం ఊట ఎండుతుంది. మెస్రం వంశీయులు కాలినడకన హస్తినమడుగు వెళ్లి గోదావరి జలం తెచ్చి నాగోబాను అభిషేకించేది ఊరికే కాదు. నది, గుట్ట ఒకటేనని ఏటా నడిచి చెబుతున్నారు.

శాశ్వత రక్షణ ఎలా వస్తుంది?

2012లో కవ్వాల్ పులుల అభయారణ్యమైంది. 2025 మేలో 49 జీవోతో కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించారు. పెట్టింది భీం పేరే, కానీ తమ హక్కులు ఏమవుతాయోనని గూడేలు భయపడ్డాయి, నిరసనలు లేచాయి. జూలైలో సర్కారు ఆ జీవోను పక్కన పెట్టింది. పులి బతకాలి, అడవి నిలవాలి. అందులో మనకు తగాదా లేదు. కానీ అడవిలో ఉన్నవాళ్లను అడగకుండా గీసిన గీత నిలవదని భీం చరిత్రే చెప్పింది.

అడిగి చేసే దారి చట్టంలోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సాముదాయక అడవిని కాపాడే, నిర్వహించే హక్కు గ్రామసభకు ఇచ్చింది. అడవిని, జంతువులను, వాగుల పరీవాహకాన్ని, నీటి వనరులను కాపాడే అధికారమూ, బాధ్యతా దాని మీదే పెట్టింది. వ్యక్తులకు దక్కిన హక్కు వారసులకు వస్తుంది, అమ్మడానికి వీల్లేదు. అటవీ శాఖ, గ్రామసభ, దిగువన నీళ్లు తాగే నగరం ఒకచోట కూర్చుని ఒప్పందానికి వస్తే, ఆ రక్షణ ఒక్క జీవోతో ఎగిరిపోదు. భీం అర్జీలో అడిగింది ఇంచుమించు ఇదే.

కాబట్టి మిత్రులారా, భీం ఫొటో స్టేటస్‌లో పెట్టుకోండి, తప్పు లేదు. దానితో పాటు మీ గూడెం సాముదాయక హక్కుల దరఖాస్తు ఏ దశలో ఉందో కనుక్కోండి. కాగితాలు లేకపోతే పెద్దలను కూర్చోబెట్టి ఏ వాగు దాకా, ఏ గుట్ట దాకా మన హద్దో రాయండి. ఫోన్‌లో మ్యాపు తెరిచి గీయండి. పండక్కి ఊరెళ్లినప్పుడు గ్రామసభ పెట్టించండి. భీం చదువు నేర్చుకుని చేసిన మొదటి మేలు లచ్చు పటేల్ కాగితాలు చదవడం. మన చేతిలో అంతకంటే ఎక్కువ చదువే ఉంది.

వీరుడు కుమ్రం భీంకు జోహార్లు. జై సేవా!