ఫాదర్ అన్న పిలుపు

అనంతపురం కరువు పల్లెల్లో విన్సెంట్ ఫెర్రర్ గారిని జనం ఫాదర్ అనే పిలిచేవారు. ఆయన గురుత్వాన్ని విడిచి దాదాపు నలభై ఏళ్లు గడిచినా ఆ పిలుపు మారలేదు. ఎందుకో ఆలోచిద్దాం.

ఆయన 1920లో స్పెయిన్ దేశపు బార్సిలోనాలో జన్మించారు. పడుచు వయసులోనే అంతర్యుద్ధంలో సైనికుడై, ఓడిన పక్షాన నిలిచి, నిర్బంధ శిబిరంలో గడిపారు. 1944లో యేసు సభలో చేరి, 1952లో మన దేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతులను కూడగట్టి బావులు తవ్వించారు. తవ్వేవారికి గోధుమలు, నూనె ఇచ్చేవారు. పేదలు ఆయన వెంట నడవడం పలుకుబడిగలవారికి గిట్టలేదు. 1968లో దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. వేలాది రైతులు ఆయన కోసం ముంబాయి దారిపట్టారు. ఇందిరాగాంధీ కలుగజేసుకోవడంతో మరల రాగలిగారు.

1969లో అనంతపురం చేరారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేల ఇది. ఇక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నెలకొల్పారు. 1970లో యేసు సభను విడిచి, ఆన్ పెర్రీ గారిని వివాహమాడారు.

మనలో కొందరి మనస్సు ఇక్కడే ఆగిపోతుంది. ఆయనను గురువుల పట్టికలో వ్రాయాలా, గృహస్థుల పట్టికలోనా? దాహంతో ఉన్న పల్లె ఆ ప్రశ్న అడగలేదు. ఆయన కూడా వారి మతమేదని అడగలేదు. ఊరికి దూరంగా నెట్టివేయబడిన దళితవాడలకు బడులు వచ్చాయి. ఇళ్లు కట్టించి ఇల్లాలి పేరున వ్రాయించారు. వాన నీటిని ఆపే కట్టలు లేచాయి. బత్తలపల్లిలో పెద్ద ఆసుపత్రి వెలసింది. 2009 జూన్ 19న ఆయన కన్నుమూశారు. ఆ బత్తలపల్లి మట్టిలోనే విశ్రమిస్తున్నారు.

జ్ఞానస్నానం, గురుపట్టం చిన్నవని చెప్పడం నా ఉద్దేశం కాదు. కాని మంచి సమరీయుని కథ గుర్తు చేసుకోండి. ప్రక్కగా తప్పుకొని పోయినవారికి గౌరవమైన బిరుదులున్నాయి. ఆగినవానిది యూదులు ఈసడించిన పేరు. విచారణ పుస్తకంలో మన పేరు భద్రంగానే ఉంది. మన వీధి కుళాయి దగ్గర ఖాళీ బిందెతో నిలబడిన పొరుగువారు మనల్ని ఏమని పిలుస్తున్నారు? ఈ ఆదివారం పూజ ముగించుకొని ఇంటికి వెళ్తూ ఒకసారి చెవి యొగ్గి వినండి.