ఆ రాత్రి ముగ్గురు తలుపు తట్టారు

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చదివేటప్పుడు ఫలానా సహోదరికి రాయవెల్లూరులో ఆపరేషన్ అనే మాట వినని తెలుగు సంఘం బహుశా ఉండదు. కాట్పాడి స్టేషన్‌లో దిగి ఆ ఆస్పత్రికి వెళ్ళి వచ్చినవారు మన మధ్య ఎందరో ఉన్నారు. అయితే అది ఒక్క రాత్రిలో జరిగిన మూడు మరణాల దుఃఖంలోనుంచి పుట్టిందని మన యౌవనస్థుల్లో చాలామందికి తెలియదు.

డాక్టర్ ఐడా స్కడ్డర్ 1870 డిసెంబర్ 9న రాణిపేటలో జన్మించారు. ఆమె తాత జాన్ స్కడ్డర్ 1819లో అమెరికా నుంచి బయలుదేరిన వైద్య మిషనరీ. తండ్రి కూడా డాక్టరే. అయినా ఐడా గారికి మిషనరీ జీవితం మీద మనసు లేదు. చిన్నతనంలో ఇక్కడి కరువును కళ్ళారా చూశారు. అమెరికాలో చదువుకుని అక్కడే స్థిరపడాలని కోరుకున్నారు. తల్లికి జబ్బు చేస్తే కొంతకాలం తోడుగా ఉండి వెళ్ళిపోదామనే 1890 ప్రాంతంలో తిండివనం వచ్చారు.

అక్కడ ఒక రాత్రి బ్రాహ్మణ యువకుడొకడు తలుపు తట్టాడు. భార్య ప్రసవ వేదన పడుతోంది, వచ్చి కాపాడమన్నాడు. తనకు వైద్యం రాదని, నాన్నగారిని తీసుకువెళ్ళమని ఐడా గారు చెప్పారు. పరపురుషుడు తన భార్యను చూడకూడదని అతడు వెనుదిరిగాడు. తరువాత ఒక ముస్లిం సోదరుడు, ఆ పైన మరొక అగ్రవర్ణ హిందువు అదే కష్టంతో వచ్చి, అదే కారణం చెప్పి వెళ్ళిపోయారు. ఆమె ఆ రాత్రంతా నిద్రపోలేదు. తెల్లవారి చావు డప్పు వినిపించింది. కనుక్కుంటే ముగ్గురు తల్లులూ చనిపోయారని తెలిసింది.

ప్రియ పాఠకులారా, ఆ ఉదయం ఆమె వేరేగా కూడా ఆలోచించవచ్చు. డాక్టరు ఇంట్లోనే ఉన్నాడు, వాళ్ళ ఆచారమే వాళ్ళను చంపిందని నిట్టూర్చి ఓడ ఎక్కి వెళ్ళిపోవచ్చు. అందులో కొంత నిజం కూడా ఉంది. ఆడదాని ప్రాణం కన్నా ఘోషా గొప్పదనుకున్న ఆచారాన్ని మేము సమర్థించడం లేదు. కానీ ఐడా గారు ఆ ఆచారం మారేదాకా ఆగలేదు. ఆ ఇళ్ళు ఎలాంటి డాక్టరుకు తలుపు తెరుస్తాయో అలాంటి డాక్టరు తానే కావాలని తీర్మానించుకున్నారు. దేవుని పిలుపు ఆమెకు ఆ రూపంలో వచ్చింది.

అమెరికా తిరిగి వెళ్ళి, కార్నెల్ వైద్య కళాశాలలో 1899లో పట్టా పుచ్చుకున్నారు. స్త్రీలను చేర్చుకున్న మొదటి తరగతుల్లోనే ఆమె అక్కడ చదివారు. 1900లో వెల్లూరు చేరి తమ బంగళాలోనే ఒక చిన్న గదిలో రోగులను చూడడం మొదలుపెట్టారు. షెల్ అనే న్యూయార్క్ బ్యాంకరు తన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన పదివేల డాలర్లతో 1902లో స్త్రీల కోసం 40 పడకల ఆస్పత్రి లేచింది. ఆస్పత్రికి రాలేనివారి కోసం వారం వారం గుడియాత్తం దారిన బండిలో వెళ్ళి, చెట్ల నీడన ఆగి మందులిచ్చేవారు.

అంతకన్నా గొప్ప పని మరొకటి ఉంది. విదేశీ డాక్టరమ్మ ఒక్కతే ఎన్ని గడపలు తొక్కగలదు? ఈ దేశపు ఆడపిల్లలే ఈ దేశపు తల్లులకు డాక్టర్లు, నర్సులు కావాలని ఆమె గ్రహించారు. 1909లో నర్సుల శిక్షణ, 1918లో స్త్రీల వైద్య పాఠశాల ప్రారంభమయ్యాయి. పరీక్షల్లో ఈ పిల్లలు నెగ్గుతారని పెద్దలకు నమ్మకం లేదు. 1922లో మొదటి జట్టు 14 మందీ ఉత్తీర్ణులయ్యారు. 1947లో మగపిల్లలకూ ప్రవేశం దొరికింది. 1960 మే 24న, 89వ యేట, ఐడా గారు కొడైకెనాల్‌లో ప్రభువునందు నిద్రించారు. నాడు మగ డాక్టరును గడప తొక్కనీయని ఇళ్ళ ఆడవారు నేడు అదే ఆస్పత్రిలో మగ డాక్టర్లకు నాడి చూపిస్తున్నారు. ఎగతాళి చేసి ఉంటే ఆ మార్పు వచ్చేదా? నమ్మకం కుదిరింది గనుక వచ్చింది.

ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. మన సంఘాలు ఎందరో కుమార్తెలను నర్సులుగా ఈ దేశానికీ పరదేశాలకూ పంపాయి. వార్డుల్లో రోగులను దర్శించే పరిచర్యలో మేము కొన్ని చూశాం. చేతికి తాయెత్తు కట్టుకొచ్చిన గిరిజన తల్లిని అందరి ముందు మందలించడం చూశాం. ఆడ డాక్టరు కావాలన్న బురఖా సోదరిని విసుక్కోవడం చూశాం. మన విశ్వాసులే ప్రార్థన నమ్ముకుని షుగరు బిళ్ళలు మానేసి, నవ్వుతారేమోనని డాక్టరు దగ్గర దాచడమూ చూశాం. దాచిన సంగతికి వైద్యం ఎవరు చేయగలరు? పాదిరులమైన మేమూ నిర్దోషులం కాము. పక్క మంచం మీది అన్యమత రోగిని అడగకుండానే తల మీద చెయ్యి వేసి ప్రార్థించిన సందర్భాలున్నాయి. అది ప్రేమ అనుకున్నాం. ఆ మనిషి ముడుచుకుపోవడం తరువాత గాని మాకు అర్థం కాలేదు.

మంచి సమరయుడు గాయపడినవాణ్ణి నీదే కులం, నీదే గుడి అని అడగలేదు. రోగి భయాన్ని, అలవాటును, సిగ్గును ముందు అడిగి తెలుసుకోవడం కూడా వైద్యంలో భాగమే. వచ్చే ఆదివారం మీ సంఘంలోని నర్సులను, డాక్టర్లను, ఆయాలను ముందుకు పిలిచి వారి కోసం ప్రార్థించండి. ఆస్పత్రికి వెళ్ళే పెద్దలు ప్రార్థన చేయమంటారా అని రోగిని ముందు అడగండి. వద్దంటే కాసేపు పక్కన కూర్చుని, మంచినీళ్ళు అందించి రండి. ప్రభువు మనకు అట్టి మనసు దయచేయును గాక.