బందరున పుట్టిన పిల్లల గురువు

బాలునకు అక్షరములు నేర్పుట యొక విద్య. తోడివానితో కలసి యుండుట, కోపము నాపుకొనుట, ఎదుటివాని దుఃఖమును గుర్తించుట వేఱొక విద్య. మొదటిదానికి మన కృష్ణామండలమున బడులకును పరీక్షలకును కొదువ లేదు. రెండవదానిని నేర్పువా రెవరన్న ప్రశ్న వచ్చినపుడు, రఘుపతి వేంకటరత్నంనాయుడుగారి చరిత్ర స్మరణకు వచ్చును.

వారు 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్నమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. ఆ యుద్యోగమును బట్టి బాల్యము ఉత్తరదేశమున గడచెను; పిదప హైదరాబాదున చదువు సాగెను. పరాయిభాషల పిల్లల నడుమ పెరిగిన బాలునకు, క్రొత్తచోట ఒంటరియగుట యెట్టిదో చెప్పవలసిన పని లేదు. చెన్నపురి క్రైస్తవకళాశాలలో మిల్లరు దొరగారి శిష్యరికమును, బ్రహ్మసమాజమును ఆయనకు దారి చూపినవి. యౌవనముననే భార్య గతింపగా మరల వివాహమాడక, తెల్లని దుస్తులనే ధరించుచు జీవించిరి. బందరు నోబులు కళాశాలలోను, సికిందరాబాదు మహబూబు కళాశాలలోను పనిచేసి, తుదకు కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు అధ్యక్షులై 1919 వఱకు నుండిరి. ఆ కళాశాలలో బాలికలకును ప్రవేశము కల్పించిరి.

అయినను ఆయన అసలు పాఠశాల తరగతిగది కాదు. జీతములో పెద్దభాగము బీదవిద్యార్థులకే వ్యయమయ్యెడిది. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దరువారి ద్రవ్యసాయమున కాకినాడలో వెలసిన అనాథశరణాలయమునకు ఆయనయే ప్రాణము. అచట కులమడుగువారు లేరు. తల్లిదండ్రులు లేని బిడ్డకు కూడును గుడ్డయు నిచ్చి ఊరకుండిన, వాఁడు బ్రదుకును గాని బెదరు పోదు. నలుగురితో పంక్తిని గూర్చుండి తినుచు, తనకంటె చిన్నవానికి ముందు వడ్డింపఁ జూచినపుడే, తానును ఒకరికి కావలసినవాఁడనని తెలిసికొనును. మహావక్తయని పేరువడసిన నాయుడుగారు ఈ పనిని ఉపన్యాసములకు వదలలేదు.

మన చల్లపల్లి, దివిసీమ ప్రాంతములలో నిన్నమొన్నటి వఱకు ఏడేండ్ల ఆసామిబిడ్డ నలువదియేండ్ల పాలేరును ఏరా యని పిలుచుట వింత కాదు. ఆ మాట ఏ బడిలోను నేర్పినది కాదు. ఇంటి అరుగుమీద విని నేర్చినది. పాలేరుబిడ్డయు ఆ మాట విని తల వంచుట నేర్చెను. ఇద్దఱికిని జరిగిన నష్టము ఏ పరీక్షలోను తేలదు.

నాయుడుగారి నియమము కఠినమైనదే. భోగముమేళములపై సలిపిన పోరాటమున ఆ స్త్రీల జీవనోపాధిని గూర్చిన చింత చాలలేదని నేడు తోచును. వారి కళాశాలలో చదివిన చలముగారు పిమ్మట వేఱుదారి పట్టి, బిడ్డల శిక్షణ యను గ్రంథమున పిల్లల స్వేచ్ఛకై వాదించిరి. గురువు నిగ్రహమును నమ్మెను, శిష్యుఁడు స్వేచ్ఛను నమ్మెను. మన యిండ్లలో మాత్రము తఱచుగా ఈ రెండును గాక బెత్తమే రాజ్యమేలినది.

1924లో సర్ బిరుదము వచ్చెను. 1925 మొదలు 1928 వఱకు మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. 1939 మే 26వ తేదీన పరమపదించిరి.