నిజాం కొలువులో ఒక అమెరికా సిపాయి

హైదరాబాదు చరిత్రలో పరదేశి సేనాని అనగానే అందరికీ గుర్తుకు వచ్చేది ఫ్రెంచివాడైన రేమండ్. మూసారాంబాగ్ పేరు ఆయన పేరు మీద వచ్చిందే. మలక్‌పేట దాపున గుట్ట మీద ఆయన సమాధి నేటికీ ఉంది. అదే కాలంలో, అదే కొలువులో ఒక అమెరికావాడు కూడా పని చేశాడని చెబితే మా క్లాసులో చాలామంది నమ్మలేదు. ఆయన పేరు జాన్ పార్కర్ బాయ్డ్. జనగామ, మానుకోట, భూపాలపల్లి వైపు నుండి వచ్చి చదువుకుంటున్న మన విద్యార్థులకు ఈ కథ దూరపుదేమీ కాదు. ఆనాడు మన ఊళ్ళన్నీ నిజాం రాజ్యంలోనివే. రైతు కట్టిన శిస్తుతో ఖజానా నిండేది, ఆ ఖజానాతో ఫౌజు నడిచేది. అంటే ఈ పరదేశికి జీతం ఇచ్చిన వాళ్ళలో మన ముత్తాతల ముత్తాతలు కూడా ఉన్నారన్నమాట!

బాయ్డ్ 1764 డిసెంబరు 21న మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూబరీపోర్ట్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి జేమ్స్ స్కాట్లండు నుండి వలస వచ్చినవాడు. తల్లి సుసానా, అమెరికాలో తొలినాళ్ళలో స్థిరపడిన కాఫిన్ వంశపు ఆడబిడ్డ. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగిసేనాటికి ఈయన ఇంకా పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు. 1786లో సైన్యంలో చిన్న అధికారిగా చేరాడు. కానీ యుద్ధం అయిపోయిన దేశంలో సైన్యం కుంచించుకుపోయింది. ఎదుగుదలకు దారి లేదు. అందుకని 1789లో ఓడ ఎక్కి మద్రాసు వైపు వచ్చాడు.

మద్రాసులో సిఫారసు ఉత్తరాలు సంపాదించుకొని హైదరాబాదు చేరాడు. అప్పటి పాలకుడు రెండవ నిజాం, నిజాం అలీఖాన్. ఆయనకు ఒకపక్క మరాఠాలు, మరోపక్క టిప్పు సుల్తాను. యూరపు పద్ధతిలో కవాతు నేర్పి, తుపాకీ పట్టించగలిగిన వాడెవడొచ్చినా దర్బారులో గిరాకీ ఉండేది. నిండా ఇరవై ఆరేళ్ళు లేని బాయ్డ్ చేతికి ఐదు వందల మంది చొప్పున రెండు పటాలాలు వచ్చాయి. మూడవ మైసూరు యుద్ధంలో నిజాం ఇంగ్లీషువాళ్ళ పక్షాన నిలిచాడు గనుక, బాయ్డ్ కూడా టిప్పు మీదికే నడవాల్సి వచ్చింది. ఇంగ్లండు రాజును వెళ్ళగొట్టిన దేశంలో పెరిగిన మనిషి ఇక్కడ ఇంగ్లీషువాళ్ళ మిత్రుడి తరఫున కత్తి పట్టాడు. కూలికి చేసే సిపాయిగిరీలో ఇలాంటివి మామూలే.

క్రమంగా ఆయన దళం ఆయన సొంత ఆస్తి అయింది. తుపాకులు, ఫిరంగులు, ఏనుగులు అన్నీ ఆయనవే. ఎవరు రొక్కం ఇస్తే వారికి పని చేసేది. బండ్లూ ఎడ్లూ ఉన్నవాడు కిరాయికి తోలినట్టు ఈయన పటాలాలను తోలాడు. 1795లో ఖర్దా దగ్గర నిజాం మరాఠాల చేతిలో ఓడిపోయాడు. మరుసటి ఏడే బాయ్డ్ సుమారు 1,800 మందితో హైదరాబాదు వదిలి, ఆ మరాఠాల పీష్వా దగ్గరే, పూనాలో కొలువుకు కుదిరాడు! చివరికి ఆ సరంజామా అంతా ఫిలోజ్ అనే ఇటలీవాడికి అమ్మేసి హిందూస్థానం విడిచాడు. 1798 అక్టోబరులో ఇంగ్లీషువాళ్ళు హైదరాబాదులోని ఫ్రెంచి పటాలాలను ఆయుధాలు దించేట్టు చేయడంతో ఇక్కడ ఆ వ్యాపారానికి కాలం చెల్లింది.

ఈ దేశంలో ఆయనకు సంసారం కూడా ఉంది. హౌసినా అనే స్త్రీ, ఆమెకు పుట్టిన ఫ్రాన్సెస్ అనే కూతురు. ఆయన యుద్ధాలకు పేజీలు కేటాయించిన పుస్తకాలు ఈ తల్లీకూతుళ్ళకు ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టాయి.

1808లో అమెరికా సైన్యం ఆయనను తిరిగి పిలిచి నాలుగవ పదాతి దళానికి కల్నల్‌ను చేసింది. 1811 నవంబరు 7న, తెల్లవారకముందే, ఇండియానాలోని టిప్పెకనూ వద్ద పోరు జరిగింది. అవతల ఉన్నది తమ భూమి అమ్మేది లేదని తెగలన్నిటినీ ఏకం చేస్తున్న షానీ నాయకుడు టెకుమ్సే అనుచరులు. అమెరికన్లు నిలదొక్కుకొని వాళ్ళ ఊరును తగులబెట్టారు. అధిపతి హారిసన్ ఆ పేరుతోనే తరువాత దేశాధ్యక్షుడయ్యాడు. 1812లో ఇంగ్లండుతో యుద్ధం మొదలైంది. బాయ్డ్ బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. 1813 మే నెలలో ఫోర్ట్ జార్జ్ పట్టుకోవడంలో పాలుపంచుకున్నాడు.

కానీ అదే ఏడు నవంబరు 11న, కెనడాలో సెయింట్ లారెన్స్ నది ఒడ్డున క్రైస్లర్స్ ఫామ్ వద్ద ఆయన అదృష్టం తిరగబడింది. పై అధికారి విల్కిన్సన్ జబ్బుపడి ఉంటే నాయకత్వం ఈయన మీద పడింది. తన సైన్యంలో సగం కూడా లేని బ్రిటిషు, కెనడా దళాల చేతిలో ఓడిపోయాడు. బురద నేలలో పటాలాలను విడివిడిగా పంపడమే కొంప ముంచింది. మాంట్రియల్ మీద దండయాత్ర అంతటితో ఆగింది. 1815లో ఆయనను సైన్యం నుండి పంపేశారు. తన పేరు నిలబెట్టుకోవాలని 1816లో పుస్తకం అచ్చు వేయించుకున్నాడు. ఇక్కడి నుండి తీసుకుపోతుండగా ఇంగ్లీషు ఓడ పట్టుకున్న సురేకారం సరుకుకు నష్టపరిహారం అడగడానికి ఇంగ్లండు కూడా పోయాడు. 1830లో బోస్టను రేవులో ఒక ఉద్యోగం దొరికింది. ఆ అక్టోబరు 4నే కన్నుమూశాడు.

మిత్రులారా, బాయ్డ్ పిరికివాడు కాడు, అసమర్థుడూ కాడు. కానీ నిజాంకు, పీష్వాకు, వాషింగ్టనుకు చేసిన ఆయన సేవలో ఎక్కడా ఇది నా పోరాటం అన్న మాట నాకు కనిపించదు. టెకుమ్సేకు సైన్యం చిన్నది. కానీ దేనికోసం చస్తున్నాడో అతనికి తెలుసు. ఇక మన గడ్డ మీద ఆ 1,800 మంది సిపాయిల సంగతి? దళం చేతులు మారినప్పుడల్లా వాళ్ళూ మారారు, అడిగినవాడు లేడు. జనరల్ పేరు నిఘంటువులకెక్కింది. తార్నాకలోని రాజ్య అభిలేఖాగారంలో ఆ కాలపు పారశీక కాగితాలు ఉన్నాయి. పారశీకం నేర్చుకొని వాటి ముందు కూర్చునే విద్యార్థి ఒక్కరైనా మన కళాశాల నుండి రావాలని నా ఆశ. ఆనాడు శిస్తు కట్టినవాడి కథ, తుపాకీ మోసినవాడి కథ రాయవలసింది అమెరికావాళ్ళు కాదు, మనమే.