నీటి బలమును వశపరచుకొనిన జోసఫ్ బ్రామా

ఇంగ్లండు దేశమున యార్కుషైరు మండలమందు స్టెయిన్‌బరో అను పల్లె కలదు. అచట ఒక వ్యవసాయదారుని యింట 1748వ సంవత్సరమున జోసఫ్ బ్రామా జన్మించెను. పదునారేండ్ల ప్రాయమున ఒక ప్రమాదమువలన అతని కాలు చెడెను. నాగలి పట్టుట యిక సాధ్యము కాలేదు. కొయ్య చెక్కుటయందు అతనికి చిన్ననాటినుండియు నేర్పు కలదు. కావున అతనిని ఒక వడ్రంగియొద్ద పనికి కుదిర్చిరి. పొలమునకు దూరమైన ఆ బాలుడు పనిముట్లకు చేరువయ్యెను.

పని నేర్చిన పిమ్మట బ్రామా లండను నగరము చేరి కొయ్యసామాను చేయుచు జీవింపసాగెను. ఇండ్లలో మరుగుదొడ్లకు నీటితొట్లను అమర్చుచుండగా వానిలోని లోపములు అతని కంటబడెను. వానిని సవరించి 1778లో పేటెంటు హక్కు పొందెను. 1784లో దొంగలకు లొంగని తాళమును నిర్మించెను. దానిని తన దుకాణపు కిటికీలో ఉంచి, చెవి లేకుండ తెరచినవారికి 200 గినీలు బహుమానముగా ఇత్తునని ప్రకటించెను. అతడు జీవించియున్నంతకాలము ఎవ్వరును దానిని తెరువలేకపోయిరి. 1851లో హాబ్సు అను అమెరికా దేశీయుడు పలుదినములు శ్రమించి తెరచెను.

బ్రామా పేరు నేటికిని నిలిచియుండుటకు ముఖ్యకారణము అతడు 1795లో హక్కు పొందిన జలపీడన యంత్రము. దానికి ఆధారమైన సూత్రమును ఫ్రాన్సు దేశీయుడగు పాస్కల్ 17వ శతాబ్దమునందే తెలిపియుండెను. మూసిన పాత్రలోని నీటిపై ఒకచోట కలిగించిన పీడనము తగ్గక అన్నివైపులకును వ్యాపించును. ఒక సన్నని గొట్టమును, ఒక వెడల్పయిన గొట్టమును అడుగున కలిపి నీటితో నింపి, రెండింటియందును ముషలకములను, అనగా పిస్టనులను, అమర్చితి మనుకొనుడు. చిన్నదాని వైశాల్యము 1 చదరపు సెంటీమీటరు. పెద్దదానిది 100 చదరపు సెంటీమీటర్లు. చిన్నదానిపై 10 కిలోల బరువు నుంచినచో పెద్దది 1000 కిలోల బరువును మోయగలదు. అయితే ఈ లాభము ఊరక వచ్చునది కాదు. పెద్దది 1 సెంటీమీటరు లేచుటకు చిన్నది 100 సెంటీమీటర్లు దిగవలెను. కావున బ్రామా చిన్నదానిని చేతిపంపుగా చేసెను. పంపు కొట్టినకొలది పెద్ద ముషలకము మెల్లమెల్లగా లేచి, పైనున్న వస్తువును మహాబలముతో నొక్కును.

సూత్రము సులభముగనే యున్నది. యంత్రము మాత్రము లొంగలేదు. పీడనము హెచ్చగానే పెద్ద ముషలకము చుట్టునుండి నీరు చిమ్మి బయటికి పోవుచుండెను. సందును గట్టిగా బిగించినచో నీరు ఆగెడిది. కాని పని ముగిసిన తరువాత ముషలకము క్రిందికి దిగక అచటనే బిగుసుకొనెడిది. ఆ సన్నని సందు పూడనిచో అంతటి యంత్రమును వ్యర్థమే.

బ్రామా కర్మశాలలో హెన్రీ మాడ్‌స్లే అను యువకుడు పనిచేయుచుండెను. చిక్కును విడదీసినది అతడే యని, అతనియొద్ద పని నేర్చిన జేమ్సు నాస్మిత్ తన ఆత్మకథలో వ్రాసియున్నాడు. మాడ్‌స్లే ముషలకము చుట్టును మడతగల తోలుపట్టీని అమర్చి, మడత నోరు నీటివైపునకు త్రిప్పెను. నీరు మడతలో చొరబడి ఒక అంచును ముషలకమునకును, రెండవ అంచును గొట్టపు గోడకును అదుముచుండెను. పీడనము పెరిగినకొలది పట్టీ మరింత బిగియును, తగ్గగానే సడలును, ముషలకము తేలికగా దిగును. బయటికి పోజూచిన నీటినే కావలికి పెట్టినట్లయ్యెను.

ఇంతటి పనివానికి వారమునకు ముప్పది షిల్లింగులు జీతము. కుటుంబము పెరుగగా మాడ్‌స్లే జీతము పెంచుమని కోరెను, బ్రామా అంగీకరింపలేదు. 1797లో మాడ్‌స్లే అతనిని విడిచి సొంత కర్మశాల నెలకొల్పి, యంత్రశిల్పులలో అగ్రగణ్యుడయ్యెను. బ్రామా యంతటి బుద్ధిశాలి తనయొద్దనున్న నిపుణుని విలువ నెరుగకపోవుట విచారకరము.

బ్రామా తుదివరకు శ్రమించెను. 1806లో బ్యాంకు నోట్లపై వరుస సంఖ్యలను ముద్రించు యంత్రమును నిర్మించెను. హాంపుషైరు మండలమందలి ఒక అడవిలో తన జలపీడన యంత్రముతో చెట్లను పెకలించు పనిని పర్యవేక్షించుచు చలిబారినపడి, 1814 డిసెంబరు 9న మరణించెను.

యంత్రము మాత్రము అతనితో అంతరింపలేదు. 1849లో వేల్సు దేశమున బ్రిటానియా వంతెన కట్టునపుడు, సుమారు 1500 టన్నుల బరువుగల ఇనుప గొట్టములను జలపీడన యంత్రములే పైకెత్తెను. నేడు నీటికి బదులుగా నూనె వాడబడుచున్నది. కారు బ్రేకులోను, మట్టి త్రవ్వు పొక్లెయిను చేతిలోను పనిచేయునది ఆ సూత్రమే.

బాలలారా! మట్టిని త్రవ్వు ఆ యంత్రమును చూచినపుడు బ్రామాను తలచుకొనుడు. ఆ చిన్న తోలుపట్టీని, దానిని అమర్చిన పనివానిని కూడ మరువకుడు.