జోడెడ్ల కాడి: గ్రేస్ హాపర్ జీవిత రేఖలు

చందానగర్ స్టేషనులో ఎం.ఎం.టి.ఎస్. బండి ఎక్కి, హఫీజ్‌పేట దాటి హైటెక్ సిటీలో దిగే యువతీయువకులలో కంప్యూటర్ విద్య నేర్చినవారు ఎందరో ఉన్నారు. వారికి ఉద్యోగంలో ఎదురయ్యే పనులలో ఒకటి, అంతవరకు ఒంటరిగా నడచిన డేటాబేస్ సర్వరును క్లస్టరులోనికి మార్చుట. అనగా ఒకే సమాచారాన్ని కలసి కాపాడే యంత్రసమూహంలో చేర్చుట. ఈ పని వెనుకనున్న భావాన్ని దశాబ్దాలకు ముందే ఊరూరా ప్రచారం చేసిన ఒక వనిత జీవితాన్ని మా పాఠకులకు పరిచయం చేయ సంకల్పించాము.

గ్రేస్ బ్రూస్టర్ మర్రే 1906 డిసెంబరు 9న న్యూయార్కు నగరంలో జన్మించారు. ఏడేండ్ల ప్రాయంలో గడియారం లోపల ఏమున్నదో తెలిసికొనగోరి, ఒకదాని తరువాత ఒకటిగా ఇంటిలోని ఏడు అలారం గడియారాలను విప్పివేశారు. తల్లి దండించక, ఇకపై ఒక్క గడియారంతో సరిపెట్టుకొమ్మని మాత్రం కట్టడి చేశారు. వాసర్ కళాశాలలో 1928లో పట్టభద్రురాలై, యేల్ విశ్వవిద్యాలయంలో 1934లో గణితశాస్త్రమున డాక్టరేటు పొంది, వాసర్‌లోనే అధ్యాపకురాలిగా పనిచేశారు. విన్సెంట్ హాపర్‌ను 1930లో వివాహమాడారు. ఆ దాంపత్యం నిలువలేదు గాని ఆ పేరు ఆమెకు నిలిచిపోయినది.

రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రవేశించగా ఆమె నౌకాదళంలో చేరగోరారు. వయస్సు మించినదనీ, బరువు నియమానికి 15 పౌండ్లు తక్కువనీ అధికారులు తిరస్కరించారు. పట్టు విడువక, ప్రత్యేకానుమతి సంపాదించి 1943లో చేరారు. మరుసటి ఏడు హార్వర్డులో హోవర్డ్ ఐకెన్ ఆధ్వర్యంలోని మార్క్ 1 గణనయంత్రం వద్ద నియమితులయ్యారు. 51 అడుగుల పొడవైన ఆ యంత్రాన్ని నడుపు విధానం గూర్చి 500 పుటలకు మించిన గ్రంథం 1946లో వెలువడినది. అందులో అధికభాగం ఆమె కృషియే. 1947లో మార్క్ 2 యంత్రపు రిలేలో చిక్కిన రెక్కలపురుగు కథను ఆమెకు ముడిపెట్టుట పరిపాటి. దానిని పట్టినవారు ఆమె సహచరులు. ఆమె ఆ కథను సరసంగా చెప్పి వ్యాప్తిచేశారు, అంతే. ఇట్టి పిట్టకథలు అసలు కృషిని కప్పివేయుట మాకు సమ్మతం కాదు.

1949లో ఎకర్ట్-మాక్లీ సంస్థలో చేరి యూనివాక్ యంత్రానికి పనిచేశారు. 1952లో ఏ-0 అనే తొలి కంపైలరును రూపొందించారు. మామూలు ఇంగ్లీషు మాటలతో యంత్రానికి ఆజ్ఞలిచ్చే ఫ్లో-మాటిక్ భాష ఆ తరువాతిది. 1959లో ఆరంభమైన కోబాల్ భాషకు అదియే ముఖ్యాధారం. నౌకాదళం ఆమెను 1966లో విశ్రాంతికి పంపి, మరుసటి ఏడే ఆరు నెలల పనికని తిరిగి పిలిచినది. ఆ ఆరు నెలలు ఇంచుమించు రెండు దశాబ్దాలు సాగినవి!

1970ల దశకంలో ఆమె రక్షణశాఖకు చేసిన ఉపదేశమే మా ప్రస్తుతాంశం. సర్వం ఒక మహాయంత్రంలో కుమ్మరించక, చిన్న యంత్రాలను వలగా కలపవలెననీ, ఏ యంత్రం ముందు కూర్చున్నవారికైనా ఉమ్మడి సమాచారం అందవలెననీ ఆమె వాదించారు. కాతిబులు చేతితో వ్రాసిన కాలంలో ఉర్దూ పత్రికలు ఎరిగినవారికి ఈ చింత కొత్త కాదు. ఒక్క కాతిబు జ్వరపడితే పత్రిక ఆగేది. ఇరువురు వ్రాస్తే ఆగదు గాని, ఇద్దరూ ఒకే పుట వ్రాయకుండ చూచుకొనవలె.

ఒక ఎద్దు లాగలేని దుంగకు మరొక ఎద్దును కట్టవలె గాని, ఉన్న ఎద్దును ఏనుగంత పెంచబూనరాదన్నది ఆమె సభలలో తరచు చెప్పిన ఉపమానం. మన రైతుకు ఇది తెలిసినదే. కాని జోడెడ్లు ఒకటి అటు, ఒకటి ఇటు లాగితే కాడి విరుగుతుంది. రెండు యంత్రాలు ఒకే బెర్తును ఇద్దరికి అమ్మకుండ, ఒకటి వ్రాయునప్పుడు రెండవది ఆగేటట్లు తాళం వేయవలె. నడుమ తీగ తెగినచో రెండూ తామే యజమానులమని తలచే ప్రమాదమున్నది. అందుచేత యంత్రాలకు ఓట్లిచ్చి, ఆధిక్యం లేని పక్షం తానుగా నిలిచిపోవునట్లు ఏర్పాటు చేస్తారు. ఇక మార్పిడి వేళ, నకలు తీస్తుండగా పాత యంత్రంలో లావాదేవీలు సాగితే నకలు అప్పుడే పాతబడుతుంది. సర్వరు కొనుట సులభం, ఈ జాగ్రత్తలే కష్టం.

ఆమె సభలకు అడుగుకు కొంచెం తక్కువ పొడవున్న తీగముక్కలు తెచ్చి పంచేవారు. సెకనులో నూరు కోట్లవ వంతు కాలంలో వెలుగు పోగల దూరం అంతే. సికింద్రాబాదు నుండి చందానగర్‌కు తిన్నగా కొలిస్తే సుమారు 20 కిలోమీటర్లు. అట్టి ముక్కలు 66 వేలకు పైగా పరచవలె. తాళానికై మాటిమాటికి ఒకదానినొకటి అడుగుకొనే యంత్రాలను సాధారణంగా దగ్గరగా ఉంచుటకు ఇదొక కారణం.

1986లో, 79వ ఏట, రియర్ అడ్మిరల్ హోదాలో ఆమె నౌకాదళం విడిచి డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థకు సలహాదారు అయ్యారు. ఆ సంస్థ 1983లోనే వ్యాక్స్ క్లస్టరును ప్రకటించినది. అది ఆమె నిర్మించినది కాదు. ఆమె చాటిన భావానికి రూపమని మాత్రం చెప్పగలము. 1999 డిసెంబరు 31 వరకు జీవించి శతాబ్దాంతం చూడవలెనని ఆమె కోరిక. 1992 జనవరి 1న, 85వ ఏట కన్నుమూశారు.

ఆ సంస్థ యంత్రాలపైనే మన రైల్వే రిజర్వేషను నడచినది. 1985లో ఢిల్లీలో ప్రయోగంగా మొదలై, తరువాత ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రాలకు విస్తరించినది. కాని ఏ కేంద్రం లెక్క దానిదే; పరాయి కేంద్రపు బండిలో తిరుగు ప్రయాణానికి చోటు కావలెనన్న తంతి పంపి ఎదురుచూడవలసివచ్చేది. ఈ విడివిడి కేంద్రాలను కలిపే కాన్సర్ట్ అనే వ్యవస్థను రైల్వేల క్రిస్ సంస్థ రూపొందించగా, అది 1994 సెప్టెంబరులో మొట్టమొదట అమలైనది మన సికింద్రాబాదులోనే. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలు ఒక్కటైనవి. హాపర్ చూడగోరిన శతాబ్దాంతానికి అప్పటికి ఇంకా ఎనిమిది నెలలున్నది.